గుస్సాలో చేసిన సౌదా

మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పోయిన జుమా నుంచి ఒకటే బహస్. ఈ సీజన్‌లో ట్రేడ్‌లు ఉండాలా, బంద్ చేయాలా అని. ఈ బహస్‌కి అసలు కారణం నేనే. గ్రూపులో నేను నోరు మెదిపితే "మీకేం, లాభపడిన మనిషి" అంటారని నోరు మూసుకున్నా. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇక్కడైతే మధ్యలో ఎవరూ ఎమోజీలు పెట్టరు కదా.

ట్రేడ్ అంటే షేర్ మార్కెట్ అనుకోబాకండి. బాస్కెట్‌బాల్. జువ్వలదిన్నెలో వలలు, తాళ్ళు, ఫ్లోట్లు అమ్ముకునే సాయిబుకి అమెరికా బాస్కెట్‌బాల్‌తో ఏం పని అని మా బేగం పదేళ్ళుగా అడుగుతూనే ఉంది. పని ఏమీ లేదు. తమ్ముడు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు. చెల్లెలు జిద్దాలో. ఖాలా పిల్లలు కొందరు హైదరాబాదులో, ఒకడు లండన్‌లో. అమ్మ ఇంతిఖాల్ తర్వాత ఈదుకి తప్ప ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం తగ్గిపోయింది. అప్పుడు తమ్ముడు తెచ్చిన మర్జీ ఈ ఫాంటసీ లీగ్. పది మంది, పది టీములు. సీజన్‌కి ముందు అందరం ఫోన్ల ముందు కూర్చుని వంతులవారీగా నిజమైన ఆటగాళ్ళను పంచుకుంటాం. వాళ్ళు అక్కడ నిజంగా ఆడిన మ్యాచ్‌లలో తీసిన పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్, బ్లాకులు, త్రీ పాయింటర్లు, గోల్ శాతం, ఫ్రీ త్రో శాతం, టర్నోవర్లు, మొత్తం తొమ్మిది ఖాతాలు, మన హిసాబులో పడతాయి. వారం వారం ఒకరితో ఒకరికి పోటీ. పైసా లేదు. గెలిచిన వాళ్ళకి జిద్దా చెల్లెలు తన తరఫున ఒక డబ్బా అజ్వా ఖర్జూరం పంపిస్తుంది. ఆమె ఆడదు, చూడదు, బంతి ఏ రంగులో ఉంటుందో కూడా తెలీదు.

ఈ ఆటకి మూలం బేస్‌బాల్. 1980 ప్రాంతంలో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్ అనే రాతగాడు, ఆయన దోస్తులు ఒక ఫ్రెంచి హోటల్లో కూర్చుని మొదలుపెట్టారు. ఆ హోటల్ పేరులో రోటిస్సెరీ అని ఉండటం వల్ల ఈ ఆటకి నేటికీ ఆ పేరు నడుస్తోంది. అది మాంసం కాల్చే చోటు, రొట్టెతో సంబంధం లేదు. కానీ మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే జిల్లా వాళ్ళం మనం. మార్చుకోవడం అనే మాట వింటే నాకు ముందు ఆ నీళ్ళు, తడిసిన బురఖాలు, చేతిలో చేతికి వెళ్ళే రొట్టె గుర్తొస్తాయి. అక్కడ ఇచ్చేవాడు మురాద్ తీరినవాడు, పుచ్చుకునేవాడు మురాద్ ఉన్నవాడు. ఇద్దరిలో ఎవరూ తూకం వేయరు. మా లీగులో మాత్రం తూకమే తూకం.

ఇక మామ్‌లాకి వస్తాను.

2025 ఫిబ్రవరి 2, ఆదివారం. ఆదివారం అంటే మా ఊళ్ళో చేపలకి గిరాకీ. హార్బర్ వైపు నుంచి ఐసు పెట్టెలు కావలికి, బిట్రగుంటకి పోతా ఉంటాయి. పదిన్నర దాటాక ఫోను మోగడం మొదలైంది, ఆగలేదు. డాలస్ మావరిక్స్ లూకా డాంచిచ్‌ను లాస్ ఏంజిలస్ లేకర్స్‌కి ఇచ్చేసింది. బదులుగా ఆంథొనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029 నాటి ఒక మొదటి రౌండు డ్రాఫ్ట్ హక్కు. ముందు అందరం ఎవరో అకౌంటు హ్యాక్ చేశారనుకున్నాం. ఎందుకంటే లూకా వయసు అప్పటికి 25. అంతకు ముందు సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 33.9 పాయింట్లు తీసి లీగ్‌లో అందరికన్నా పైన నిలిచాడు, డాలస్‌ను ఫైనల్స్ దాకా తీసుకుపోయాడు. అలాంటివాడిని ఎవరన్నా ఇస్తారా? ఇచ్చారు. ఆ సౌదా కుదిర్చిన మేనేజర్ నికో హారిసన్ అవతలి టీమ్ మనిషితో గుట్టుగా మాట్లాడుకుని ముగించాడు. కోచ్‌కి చివర్లో తెలిసింది. లూకాకి అసలు ముందు తెలియలేదు. మర్నాటికి డాలస్ స్టేడియం ముందు జనం శవపేటిక తెచ్చి పెట్టి మాతం చేశారు.

మా తమ్ముడి కొడుకు, పదమూడేళ్ళవాడు, ఆ జనంలో ఒకడు కాదు గానీ ఇంట్లో తలుపు వేసుకుని అదే పని చేశాడు. వాడి గది గోడ మీద లూకా, వాడి చొక్కా వీపు మీద లూకా నంబరు 77, మా లీగులో వాడి టీములో మొదటి ఆటగాడు లూకా. నా టీములో మొదటి ఆటగాడు ఎవరో ఊహించారా? ఆంథొనీ డేవిస్.

అదే రోజు సాయంత్రం నాకు వాడి నుంచి ట్రేడ్ ఆఫర్ వచ్చింది. లూకాను తీసుకోండి, డేవిస్‌ను ఇవ్వండి. కింద ఒక ముక్క రాశాడు, వాడి భాషలో. తెలుగులో చెప్పాలంటే: బడేఅబ్బా, లేకర్స్ చొక్కా వేసుకునేవాడు నా టీములో ఉండడానికి వీల్లేదు.

ఇప్పుడు హిసాబు చూడండి. హైదరాబాదు కజిన్‌లు "ఇందులో సోచాయించడానికి ఏముంది, ఒక్క నొక్కు నొక్కండి" అన్నారు. నిజానికి అది అంత సాఫ్ సౌదా కాదు. లూకా క్రిస్మస్ నాడు ఎడమ కాలి పిక్క పట్టేసి కూర్చున్నాడు, ఐదు వారాలుగా కోర్టు మీద లేడు. ఆ సీజన్ మొత్తం డాలస్‌కి ఆడింది 22 మ్యాచ్‌లే. తిరిగి వచ్చినా మొదట్లో నిమిషాలు కోస్తారు. లేకర్స్‌లో బంతి చేతిలో పెట్టుకునే లెబ్రాన్ జేమ్స్ ఉన్నాడు, బంతి ఒకటే కదా. టర్నోవర్లలో లూకా చేయి ధారాళం. డేవిస్ సంగతి వేరు. ఆ సీజన్ లేకర్స్‌కి 25.7 పాయింట్లు, 11.9 రీబౌండ్లు, రెండుకి పైగా బ్లాకులు. పాయింట్లు తీసేవాళ్ళు బజారులో దొరుకుతారు, బ్లాకులు తీసేవాడు దొరకడు. నా టీము మొత్తం రీబౌండ్లు, బ్లాకుల మీద కట్టుకున్న ఇల్లు, డేవిస్ దానికి నిట్రాట. కానీ డేవిస్‌కి ఒక ఐబ్ ఉంది. ఒళ్ళు గాజు. 2020-21లో 36 మ్యాచ్‌లు, తర్వాతి ఏడు 40, ఆ తర్వాత 56. మధ్యలో 76 ఆడిన ఏడు ఒకటి వచ్చింది, అందరం హమ్మయ్య అనుకున్నాం. ఈ ఆఫర్ రావడానికి ఐదు రోజుల ముందు, జనవరి 28న ఫిలడెల్ఫియాలో పొట్ట కండరం పట్టేసి మధ్యలో లేచిపోయాడు.

అంటే ఇద్దరూ మరమ్మత్తులో ఉన్న పడవలే. ఏది ముందు నీళ్ళలోకి దిగుతుందో, ఏది దిగాక కారుతుందో ఎవరికీ తెలీదు. మా దుకాణానికి వచ్చే పట్టపు పెద్దాయన ఒకరిని సరదాకి అడిగా, ఇట్లాంటి బేరం నువ్వయితే చేస్తావా అని. "సంద్రంలో ఉండే చేపకి లెక్క గట్టేదెట్టా సాయిబూ" అన్నాడు. ఆయనకి తెలియకుండానే ఫిఖహ్ మాట అనేశాడు. నీళ్ళలో ఉన్న చేపను కొనడం గరర్ అని ముస్నద్ అహ్మద్‌లో ఒక రివాయత్ ఉంది. అది అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సొంత మాట అనే ఉలమా చాలామంది. ఎవరి మాటైనా, ఒడ్డున బతికేవాళ్ళకి దాని మతలబ్ చెప్పక్కర్లేదు. వేటకి పోకముందే వ్యాపారి దగ్గర అప్పు తీసుకుని, వచ్చిన చేపంతా ఆయనకే పోస్తానని మాటిచ్చిన పడవవాళ్ళు ఎట్లా చిక్కుకుపోతారో రోజూ చూస్తాం. అప్పు పెరుగుతుంది, రేటు వ్యాపారి చెప్పిందే రేటు. ఒడ్డున గంపలో పోసి, వంజరం వంజరంగా, కానాగంత కానాగంతగా అందరి కళ్ళ ముందు వేలం వేస్తే ఆ గొడవ లేదు.

నేను ముఫ్తీని కాను, ఫాంటసీ ట్రేడ్‌కి ఫత్వా అడిగేంత తీరిక ఏ మౌలానాకీ ఉండదు. పైసా లేని ఆట, ఇక్కడ సరుకు అంటే ఫోను తెర మీద పేరు. అయినా నా మనసుకి ఒక తేడా తెలిసింది. రేపు ఏమవుతుందో ఇద్దరికీ తెలియకపోవడం ఖతరా. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడం ధోకా. మొదటిది లేకుండా ఏ వ్యాపారమూ లేదు, ఏ ఆటా లేదు. రెండోది గోధుమ రాశి పైన పొడిగా, లోపల తడిగా పెట్టి అమ్మడం. రసూలుల్లాహ్ (స) ఆ రాశిలో చేయి పెట్టి తడి బయటపెట్టిన సంగతి మన పిల్లలకి మద్రసాలో మొదటి ఏడే చెబుతారు.

కాబట్టి నా తడి నేనే పైకి తీశాను. డేవిస్ గాయాల చిట్టా మొత్తం రాసి వాడికి పంపా. ఏ ఏడు ఎన్ని మ్యాచ్‌లు పోయాయి, పొట్ట కండరం ఎప్పుడు పట్టింది, ఇప్పుడు నేను ఇతన్ని ఇస్తే నాకు పోయేదేమిటి, వచ్చేదేమిటి. చివర రాశా: బేటా, నువ్వు గుస్సాలో ఉన్నావు. మూడు రోజులు ఆగు. మూడో రోజు కూడా ఇదే మాట మీద ఉంటే అప్పుడు చూద్దాం.

మూడు రోజులు అన్నది ఊరికే అన్నది కాదు. తలకి తగిలిన గాయం వల్ల బేరాల్లో మోసపోయే ఒక సహాబీ, హబ్బాన్ బిన్ మున్‌ఖిజ్ (రజి) గురించి చదివా. కొనేటప్పుడు మోసం ఉండకూడదని ముందే చెప్పమని, మూడు రోజుల ఖియార్ పెట్టుకోమని రసూలుల్లాహ్ (స) ఆయనకి నేర్పారు. తలకి తగిలిన దెబ్బకి మూడు రోజులైతే, మనసుకి తగిలిన దెబ్బకి కనీసం అంతైనా ఇవ్వాలి కదా అనుకున్నా. నా తెలివికి నేనే సంతోషపడ్డా కూడా.

ఫిబ్రవరి 5. వాడు మాట మార్చలేదు. నేను ఖుబూల్ నొక్కా. మా కమిషనర్, అంటే హైదరాబాదులో ఉన్న మా ఖాలా కూతురు, రెండు రోజుల గడువు పెట్టి 7న అమలు చేసింది.

8వ తేదీ, అక్కడి మధ్యాహ్నం, మనకి అర్ధరాత్రి దాటాక, డేవిస్ డాలస్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. హ్యూస్టన్ మీద 26 పాయింట్లు, 16 రీబౌండ్లు, 7 అసిస్టులు, 3 బ్లాకులు. ఇన్ని ఖాతాలు ఒక్క మ్యాచ్‌లో నిండటం చూసి మా అబ్బాయి ఎగిరి గంతేసి ఉంటాడు. మూడో క్వార్టర్‌లో డేవిస్ తొడ లోపలి కండరం పట్టుకుని బయటికి వెళ్ళాడు. నేను ఫజర్ తర్వాత చూశా. మళ్ళీ అతను కోర్టు మీదికి వచ్చింది మార్చి 24న. అప్పటికి మా లీగ్ నాకౌట్లు సగం అయిపోయాయి.

తమ్ముడి ఫోను వచ్చింది. "భాయిజాన్, వాడు నిన్నటి నుంచి సరిగ్గా తినలేదు. ఇట్లాంటి సౌదా చేసేముందు నాకు ఒక్క మాట చెప్పకూడదా మీరు?"

ఇదీ అసలు సంగతి. ఇప్పటిదాకా నేను చెప్పిన తడి గోధుమలు, మూడు రోజులు, అన్నీ నిజమే, అన్నీ నా తరఫు వకాలత్. కానీ ఆ మూడు రోజుల్లో నేను తమ్ముడికి రెండుసార్లు ఫోన్ చేశా. ఒకసారి చెల్లెలి ఇఖామా సంగతి, ఒకసారి అబ్బాజాన్ పొలం కాగితాల సంగతి. ట్రేడ్ మాట ఎత్తలేదు. మర్చిపోయానా? లేదు. ఎత్తితే తమ్ముడు వద్దంటాడని తెలుసు. హనఫీ ఫిఖహ్‌లో తెలివి వచ్చిన పిల్లవాడు చేసిన అమ్మకం వలీ ఇజాజత్ మీద ఆధారపడి నిలుస్తుందని మూడు రోజుల ఖియార్ చదివిన మనిషికి తెలియదా? తెలుసు. కావలసిన మస్అలా చదివి, అక్కర్లేని మస్అలా దాటేశా. డేవిస్ ఐబ్ మొత్తం బయటపెట్టిన మనిషిని, నా మనసులోని ఐబ్ దాచుకున్నా.

ఆ తర్వాత నేను చేసిన పని కూడా చెప్పాలి. సౌదా చేసి పస్తాయించేవాడి కోసం దాన్ని వాపసు తీసుకోవడాన్ని ఇఖాలా అంటారు. అట్లా వాపసు తీసుకున్నవాడి తప్పులను అల్లాహ్ మాఫ్ చేస్తాడని హదీసు ఉంది. సరే, ఇఖాలా చేద్దాం, లూకాను వాడికి, డేవిస్‌ను నాకు మార్చేయమని కమిషనర్‌కి చెప్పా. ఆమె ఒప్పుకోలేదు. "మీరిద్దరే ఆడుతున్నారా భాయిజాన్? మిగతా ఎనిమిది టీములు ఏమయ్యాయి? ఈ వారం మీతో ఆడినవాళ్ళు లూకా ఉన్న మీతో ఆడారు" అంది. పోనీ నా దగ్గరున్న మంచి ఆటగాడు ఇంకొకరిని వాడికి ఇచ్చి, వాడి బెంచీ చివర ఉన్నవాణ్ణి తీసుకుంటానన్నా. దానికి లండన్ వాడు లేచాడు. "మీ గునాహ్ కడుక్కోడానికి మా టేబుల్ పాడుచేస్తారా" అని. మాట కరుకు గానీ మాట తప్పు కాదు. నా జేబులోంచి ఇవ్వాల్సిన ఖైరాత్ నేను ఎనిమిది మంది జేబుల్లోంచి తీసి ఇస్తున్నా.

ఈ గొడవంతా అయ్యాక అబ్బాయి తనంతట తనే ఫోన్ చేశాడు. ఏడుస్తాడేమో అనుకున్నా. కోపంగా ఉన్నాడు. నా మీద కాదు, ట్రేడ్ వాపసు చేయాలని చూసినందుకు అందరి మీద. "అది నా ట్రేడ్. నన్ను అడక్కుండా మీరూ అబ్బా మాట్లాడుకుని మళ్ళీ నా టీము మార్చేస్తారా?" అన్నాడు. లూకాను అడక్కుండా పంపించినందుకే కదరా నీకు అంత గుస్సా అని నాలిక చివరిదాకా వచ్చింది, అనలేదు.

రమ్‌జాన్ వచ్చింది. మార్చి 3న డాలస్‌కి ఇంకో దెబ్బ. కైరీ అర్వింగ్ మోకాలి లిగమెంట్ తెగింది. సీజన్ గల్లంతు. అతను కూడా వాడి టీములోనే ఉన్నాడు, పాపం. సహరీకి లేచి రొట్టె తింటూ స్కోర్లు చూసేవాళ్ళం, అక్కడ ఆట మొదలయ్యే వేళ మనకి సహరీ ముగిసే వేళ. వాడు ఎనిమిదో స్థానంలో ముగించాడు. నేను సెమీఫైనల్లో ఓడిపోయా. ఎందులో ఓడానో తెలుసా? రీబౌండ్లలో, బ్లాకుల్లో. నిట్రాట తీసి అమ్ముకున్న ఇల్లు అంతకన్నా ఎన్నాళ్ళు నిలుస్తుంది. అజ్వా డబ్బా లండన్ పోయింది.

ఇప్పుడు బహస్ దగ్గరికి వస్తాను. తమ్ముడి ప్రపోజల్, అసలు ట్రేడ్‌లే వద్దు. డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్ళతో ఏడాది వెళ్ళదీయాలి. దిల్‌లు విరగవు, ఫోన్లు రావు. ఇంకొందరు, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి మాత్రం ట్రేడ్ బంద్ అంటున్నారు. నేను రెంటికీ ఖిలాఫ్.

ట్రేడ్ లేని లీగ్ లాటరీ. అక్టోబరులో గంటన్నర కూర్చుని పంచుకుంటే ఏప్రిల్ దాకా చేయడానికి ఏమీ ఉండదు, ఎవరి ఆటగాడి కాలు మడతపడితే వాడు ఓడతాడు. ఒకరి అవసరం ఇంకొకరు అడిగి తెలుసుకోవాల్సిన పని ఉండదు. ఈ లీగ్ పెట్టుకున్నదే మాట్లాడుకోవడానికి. జిద్దాలో బహనోయి, నేను జిందగీలో సలాం, ఖైరియత్ తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఒక్క స్టీల్స్ తీసేవాడి కోసం నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం, చివర్లో ఆయన తన షుగర్ సంగతి చెప్పాడు, చెల్లెలికి కూడా చెప్పని సంగతి.

రిస్కు ఉన్న ట్రేడ్ అయితే వద్దు అనేవాళ్ళకి ఒక పాత సంగతి చెబుతా. 1995లో హ్యూస్టన్ రాకెట్స్ అంతకు ముందు ఏడు చాంపియన్లు. ఫిబ్రవరి 14న, నడి సీజన్‌లో, రీబౌండ్లు తీసే తమ మొదటి ఐదుగురిలో ఒకడైన ఓటిస్ థార్ప్‌ను ఇచ్చి 32 ఏళ్ళ క్లైడ్ డ్రెక్స్‌లర్‌ను తెచ్చుకున్నారు. గెలిచే టీమును ఎవరన్నా కెలుకుతారా అని అందరూ అన్నారు. అప్పుడు రమ్‌జాన్ నడుస్తోంది. ఆ టీము పెద్ద దిక్కు హకీమ్ ఒలాజువాన్ రోజాతో మ్యాచ్‌లు ఆడుతున్నాడు, ఆ ఫిబ్రవరి నెలకి లీగ్‌లో ఉత్తమ ఆటగాడు కూడా అతనే. డ్రెక్స్‌లర్ అతనికి హ్యూస్టన్ యూనివర్సిటీ రోజుల సాథీ. సీజన్ ముగిసేసరికి 47 గెలుపులు, 35 ఓటములు, తమ వైపు ఆరో స్థానం. అక్కణ్ణుంచి లేచి ఫైనల్‌లో ఓర్లాండోను 4-0తో కొట్టి మళ్ళీ కప్పు ఎత్తారు. అదీ రిస్కు సౌదానే, డాలస్‌దీ రిస్కు సౌదానే. డాలస్ వాళ్ళు ఎవరితోనూ మష్వరా చేయకుండా, ఇచ్చేవాడి ఖదర్ బజారులో కనుక్కోకుండా ఇచ్చారు. పది మందిని అడిగి ఉంటే అదే లూకాకి ఇంకెంత వచ్చేదో. హారిసన్‌ను 2025 నవంబరులో తీసేశారు. నాకు అతని మీద కోపం లేదు, నేనూ అదే చేశా కదా, చిన్న సైజులో. అడిగితే వద్దంటారని అడగలేదు.

పిల్లలకి బంద్ అనే మాట ఇంకా నచ్చదు. పదమూడేళ్ళవాడు మూడు రోజులు ఆగి, చదివి, నిర్ణయం తీసుకుని, ఓడి, ఆ ఓటమి నాదే అని నిలబడ్డాడు. మన ఇళ్ళల్లో ముప్పై ఏళ్ళు వచ్చినా పెళ్ళి సంబంధం నుంచి మోటారు సైకిలు దాకా పెద్దలే సౌదా చేసి, చెడితే పెద్దలే వాపసు చేస్తారు. పైసా పోని చోటైనా వాళ్ళని చేయనీయండి. బంద్ చేయాల్సింది నాలాంటి పెద్దల మీద ఒక చిన్న విషయం: పిల్లవాడితో ట్రేడ్ పెట్టుకునే పెద్ద ఆ ఇంటి పెద్దకి ముందు చెప్పాలి. ఇజాజత్ అడగడం కాదు, ఇత్తిలా ఇవ్వడం. తమ్ముడికి తెలిసి ఉంటే వాడి పక్కన కూర్చుని రెండు మాటలు చెప్పేవాడు. తర్వాత వాడు ఏం చేసినా వాడి ఇష్టం. మూడు రోజుల గడువు కూడా అందరికీ పెట్టమంటా. కోపం పదమూడేళ్ళవాడికే వస్తుందా ఏమిటి.

ఈ గొడవలో ఇంకో ప్రపోజల్ మెల్లిగా దూరింది, దాని గురించి కూడా చెప్పి ముగిస్తా. లండన్ వాడు, తలా యాభై డాలర్లు వేద్దాం, అప్పుడు అందరూ సీరియస్‌గా ఆడతారు అంటున్నాడు. చట్టం సంగతి వకీళ్ళు చూసుకుంటారు. పందెం పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని మన రాష్ట్రంలో 2020లోనే, తెలంగాణలో 2017లోనే ఆపారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది, ఇండియా క్రికెట్ చొక్కా మీది డ్రీమ్ ఎలెవన్ పేరు కూడా దాంతో పోయింది. లండన్‌లో తప్పు కాకపోవచ్చు, డాలస్‌లో కాకపోవచ్చు. నా అభ్యంతరం చట్టం కన్నా ముందుది. పది మంది తలా ఇంత వేసి ఒకడు ఎత్తుకుపోతే దానికి ఖిమార్ తప్ప ఇంకో పేరు నాకు తెలీదు. ఆ మాట పక్కన పెట్టినా, ఫిబ్రవరి 9 పొద్దున నా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు మా మధ్య పైసా ఉండి ఉంటే? నేను వాడి కొడుకు డబ్బు తిన్నవాణ్ణి అయ్యేవాణ్ణి. ఇప్పుడు వాడి కొడుకు మనసు నొప్పించినవాణ్ణి మాత్రమే, దానికి మాఫీ అడగొచ్చు, అడిగా. సీరియస్‌గా ఆడటానికి యాభై డాలర్లు కావాలా? అన్నం మానేసిన పిల్లవాడికన్నా సీరియస్‌గా ఎవరాడారు?

ఏప్రిల్ 9న లూకా లేకర్స్ చొక్కాతో డాలస్ వచ్చాడు. మ్యాచ్‌కి ముందు వాళ్ళు పాత వీడియో వేస్తే కోర్టు పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు, తర్వాత 45 పాయింట్లు కొట్టాడు. అప్పటికి మా లీగ్ ముగిసిపోయింది, ఆ 45 నా ఖాతాలో పడలేదు. ఆ పొద్దున అబ్బాయి మెసేజ్ పెట్టాడు: బడేఅబ్బా, చూశారా, మీ లూకా ఏడుస్తున్నాడు. మీ లూకా అన్నాడు. ఐదు రోజుల తర్వాత ఏప్రిల్ 15న ఇక్కడ వేట నిషేధం మొదలైంది. జూన్ 14 దాకా పడవలన్నీ ఒడ్డునే. దుకాణంలో వలలు బాగుచేసుకునేవాళ్ళు తప్ప ఎవరూ రారు. ఆ రెండు నెలలూ వాడు వారానికి ఒకసారి నాకు ఫోన్ చేశాడు, బాస్కెట్‌బాల్ లేకుండానే.

నిన్న ఫజర్ తర్వాత ఫోను చూస్తే వాడి నుంచి కొత్త ట్రేడ్ ఆఫర్. నా నుంచి ఇద్దరు, వాడి నుంచి ఒకడు. చూడగానే నాకు నష్టం అనిపించింది, రెండోసారి చూస్తే అంత నష్టం కాదేమో అనిపించింది. వాడిచ్చే ఆటగాడి మడమ సంగతి మూడు లైన్లలో రాశాడు, ఏ నెలలో ఎన్ని మ్యాచ్‌లు మానాడో సహా. అన్నిటికన్నా కింద ఇంకో లైను: అబ్బాకి చెప్పాను.

జవాబు ఇంకా ఇవ్వలేదు. శనివారం దాకా టైం ఉంది.